ధ్యానమువలన లాభమేమి?

హైదరాబాదు నగరమున మూసీనదికి దక్షిణపుటొడ్డున నున్న పురాతనభాగమును పాతబస్తీ యందురు. 1591వ సంవత్సరమున నిర్మింపబడిన చార్మినారు దానికి నడిబొడ్డు. ఆ కట్టడమునకు పడమటి దిక్కున లాడ్‌బజారు కలదు. అచట లక్కగాజులు చేయువారు తరతరములుగా జీవించుచున్నారు. వారు నిప్పులసెగపై లక్కను మెత్తబరచి, ఆ ముద్దను సన్నగా సాగదీసి, గాజుగా చుట్టి, వేడి చల్లారకమునుపే అద్దపుతునకలను, రంగురాళ్లను ఒక్కొక్కటిగా దానియందు పొదుగుదురు. ఈ గాజులకు 2024వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. సాయంకాలమగునప్పటికి పనివాని యెదుట గాజులు వరుసగా నిలుచును. వాటివలన వచ్చిన సొమ్ముతో అతడు ఇల్లు గడుపుకొనును. అతని శ్రమకు ఫలమేమని ఎవరును అడుగ నక్కరలేదు. అది కన్నులకు కనబడుచునే యున్నది.

ఆ బజారునకు కొంతదూరముననే, మూసీయొడ్డున, సాలార్జంగు మ్యూజియము కలదు. అది 1951లో ప్రజలకొరకు తెరవబడి, 1968లో ఇప్పటి భవనమునకు మార్చబడినది. ఖమ్మముజిల్లాలోని నేలకొండపల్లిలో లభించిన ప్రాచీన బుద్ధవిగ్రహమొకటి అందు కలదు. ఇతర దేశములనుండి సేకరింపబడిన బుద్ధప్రతిమలును కలవు. కన్నులు అరమోడ్చి, చేతులు ఒడిలో నుంచుకొని, కదలక కూర్చుండిన బుద్ధుని రూపమును మనమందరమును ఏదో యొకచోట చూచియే యుందుము. బజారులోని సందడిని చూచివచ్చిన బాలుడు ఆ రూపమును చూచినచో అతనికి ఒక ప్రశ్న తోచును. “ఈయన ఏమి చేయుచున్నాడు? ఊరక కూర్చున్నందువలన ఏమి లభించును?”

ఇది అవినయమైన ప్రశ్న కాదు. బౌద్ధగ్రంథములలో ఇట్టి ప్రశ్నలకు గౌరవస్థానమే కలదు. గోదావరీతీరమున నివసించిన బావరి యను వృద్ధబ్రాహ్మణుడు తన శిష్యులు 16 మందిని ఉత్తరదేశమునకు పంపి బుద్ధుని ప్రశ్నింపజేసెనని సుత్తనిపాతమను గ్రంథము చెప్పుచున్నది. లాభమును గూర్చిన ప్రశ్ననైతే మగధరాజగు అజాతశత్రువు సూటిగా బుద్ధునినే అడిగెను. ఆ వృత్తాంతము పాళీభాషలోని దీఘనికాయమున రెండవ సుత్తముగా నున్నది.

అది కార్తికపూర్ణిమ. రాజగృహనగరమున అజాతశత్రువు మంత్రులతో మేడపై కూర్చుండియుండెను. వెన్నెల పిండి ఆరబోసినట్లుండెను గాని రాజు మనస్సునకు శాంతి లేదు. ఏలయన, ఆతడు రాజ్యలోభముచేత తండ్రియైన బింబిసారుని ప్రాణము తీసినవాడు. తనకు శాంతి కలిగింపగల మహనీయుడెవరని యడుగగా మంత్రులు తలకొక పేరు చెప్పిరి. రాజవైద్యుడగు జీవకుడు మాత్రము తన మామిడితోటయందు విడిసియున్న బుద్ధుని పేరు చెప్పెను. రాజు ఏనుగులపై పరివారముతో, దివిటీల వెలుగున బయలుదేరెను.

తోట సమీపించినకొలది రాజునకు భయము కలిగెను. అచట 1,250 మంది భిక్షువులున్నారని జీవకుడు చెప్పియుండెను. అంతమంది యున్నచోట తుమ్ముగాని, దగ్గుగాని, మాటగాని వినబడకుండుట యెట్లు? తన్ను శత్రువుల చేతికి అప్పగించుటకే తెచ్చితివా యని రాజు జీవకుని అడిగెను. జీవకుడు ఆతనికి ధైర్యము చెప్పి లోనికి కొనిపోయెను. మండపమున దీపములు వెలుగుచుండెను. తేరిన చెరువువలె సభ నిశ్చలముగా నుండెను. తన కుమారుడగు ఉదాయిభద్రునకు ఇట్టి శాంతి లభించిన ఎంత బాగుండునని రాజు అనుకొనెను. ప్రశ్న అడుగుటకు ముందే ఆతడు ఒక ఫలమును కన్నులార చూచెనని చెప్పవచ్చును.

పిమ్మట రాజు తన సందేహమును వెల్లడించెను. ఏనుగులను నడుపువారు, వంటవారు, మంగలులు, పూలదండలు కట్టువారు, చాకలులు, నేతవారు, కుమ్మరులు, లెక్కలు వ్రాయువారు మొదలగు వారెల్లరు తమ విద్యవలన ఈ జన్మముననే ఫలము ననుభవించుచున్నారు. తామును తిని, ఆలుబిడ్డలను పోషించి, దానధర్మములు చేయుచున్నారు. ఆ విధముగ కన్నులకు కనబడు ఫలము సన్యసించి సాధన చేయువానికి కలదా యని ఆతని ప్రశ్న. లాడ్‌బజారును చూచియుండినచో ఆతడు గాజులవారిని కూడ ఆ వరుసలో చేర్చియుండెడివాడు. ఈ ప్రశ్ననే ఆతడు మునుపు ఆరుగురు గురువులను అడిగియుండెను. అడిగినదొకటి, వారు చెప్పినదొకటి. అందుచేత ఆతనికి తృప్తి కలుగలేదు.

బుద్ధుడు కోపగింపలేదు. మోక్షమునకు లెక్కలు కట్టవచ్చునా యని మందలింపనులేదు. ప్రశ్న న్యాయమైనదని గ్రహించి, మెట్టు మెట్టుగా సమాధానము చెప్పెను. మొదట సత్ప్రవర్తన, పిదప ఇంద్రియనిగ్రహము, ఆపైన నడచునప్పుడు, కూర్చుండునప్పుడు, తినునప్పుడు ఎరుకతో నుండుట, ఉన్నదానితో తృప్తి పొందుట. ఇవి యన్నియు కుదిరిన పిమ్మటనే ధ్యానము. ధ్యానమునకు కూర్చున్నవాని మనస్సునుండి ఐదు అడ్డంకులు తొలగునని ఆయన వివరించెను. అవి విషయవాంఛ, ద్వేషము, మందత్వము, చాంచల్యము, సందేహము అనునవి. అవి తొలగినవాని స్థితికి ఆయన ఐదు పోలికలు చూపెను. వాడు అప్పు తీర్చుకొన్నవానివంటివాడు, రోగము కుదిరినవానివంటివాడు, చెరసాలనుండి విడుదలయైనవానివంటివాడు, దాస్యము తొలగినవానివంటివాడు, భయంకరమైన ఎడారిని దాటి ఊరు చేరినవానివంటివాడు.

ఈ పోలికలయందు గమనింపదగిన విశేషమొకటి కలదు. అప్పు తీరినవాని పెట్టెలోనికి క్రొత్త ధనమేమియు రాలేదు. రోగము కుదిరినవానికి క్రొత్త అవయవమేదియు మొలవలేదు. చెర వీడినవాడు మునుపటి మనుష్యుడే. ఐదుగురిలో ఎవరికిని ఏదియు చేకూరలేదు; ప్రతివానికిని ఒక భారము తొలగినది. వడ్డీకి అప్పు తెచ్చిన చిల్లరవర్తకుని తలచుకొనుడు. కడపటి వాయిదా చెల్లించిన దినమున అతని ఖాతాపుస్తకమున మిగులునది సున్నయే. అయినను ఆ రాత్రి అతడు కంటినిండ నిద్రించును. ధ్యానమువలన కలుగు లాభము ఈ జాతికి చెందినది. దానిని సంపాదనల పట్టికలో వెదకువానికి అది కనబడదు.

ఇక ఈ సాధన ఎట్టిదో చూతము. బౌద్ధధ్యానములలో పెక్కురీతులు కలవు. వానిలో సులభముగా మొదలిడదగినది ఆనాపానస్మృతి, అనగా ఉచ్ఛ్వాసనిశ్శ్వాసములను గమనించుట. సాధకుడు నెమ్మదిగా కూర్చుండి, ముక్కుపుటములయొద్ద గాలి లోనికి పోవుటను, వెలికి వచ్చుటను ఉన్నదున్నట్లు గమనించును. ఊపిరిని బిగబట్టడు, మంత్రమును జపింపడు. అర నిమిషము గడువకముందే మనస్సు రేపటి పరీక్షకో, నిన్నటి తగవునకో పరుగెత్తును. అది పరుగెత్తినదని తెలిసికొని, విసుగుకొనక, మరల ఊపిరివైపునకు తెచ్చుటయే సాధన. గాజులు చేయువాడు చేతిలోని లక్కపై దృష్టి నిలుపును. ఏమరినచో వ్రేలు కాలును, రాయి వంకరగా కూర్చుండును. సాధకునికి ఎదుట వస్తువేదియు లేదు. తన మనస్సే అతనికి పనిముట్టు, అదియే ముడిసరకు. అందుచేతనే చూచువారికి అతడు ఊరకున్నట్లు కనబడును.

శ్వాసపై దృష్టి కొంత కుదిరిన తరువాత దేహమునందలి అనుభవములను గమనింతురు. దీనిని విపశ్యన యందురు. మోకాలు నొచ్చును, చెంప దురదపుట్టును. వెంటనే గోకుకొనక గమనించినచో, ఆ దురద పెరిగి, కొంతసేపు నిలిచి, తనంతట తానే తగ్గును. ఇది అల్పవిషయమువలె తోచును. కాని దీనియందొక గొప్ప పాఠము కలదు. ఒకడు మనలను నలుగురిలో నిందించినాడనుకొందము. మొదట ముఖము వేడెక్కును, ఊపిరి వేగమగును, గుండె కొట్టుకొనును. ఆ మరుక్షణమున పరుషవాక్యము నోటినుండి వెలువడును. దురదను ఓర్పుతో చూచుట నేర్చినవాడు ఈ వేడిని కూడ పుట్టుచుండగనే గుర్తింపగలడు. గుర్తించినచో వేడికిని, మాటకును నడుమ కొంత ఎడము లభించును. ఆ ఎడములోనే వివేకము పనిచేయును. ధ్యానము చేయు మేలు ఎట్లు కలుగునని యడిగినచో, ముఖ్యముగా ఈ మార్గముననే యని చెప్పవలెను.

ఈ సాధన మన కాలమున హైదరాబాదునకు వచ్చిన వృత్తాంతమును లాభనష్టముల ప్రశ్నతోనే ప్రారంభమైనది. సత్యనారాయణ గోయెంకా 1924లో బర్మాదేశపు మాండలే నగరమున జన్మించిన వ్యాపారి. ఆయనకు తీవ్రమైన పార్శ్వపుతలనొప్పి యుండెడిది. బాధ హెచ్చినపుడు మార్ఫియా మందు పొడిపించుకొనవలసివచ్చెడిది. పెక్కు దేశములకు పోయి వైద్యము చేయించుకొనినను గుణము కనబడలేదు. తుదకు రంగూనులో ధ్యానము నేర్పుచున్న ఊ బా ఖిన్ అను నాయన కడకు పోయెను. ఈ గురువు సన్యాసి కాడు. స్వతంత్ర బర్మా ప్రభుత్వమున అకౌంటెంటు జనరలుగా పనిచేసిన గృహస్థుడు. అజాతశత్రువు పట్టికలోని లెక్కలు వ్రాయువారి వర్గమువాడే! తలనొప్పి మానుటకే వచ్చినచో నేర్పనని ఆయన మొదట నిరాకరించెను. మనశ్శుద్ధికొరకైన సాధనను తలనొప్పికి మందుగా మాత్రమే వాడుట దానిని చులకన చేయుటయని ఆయన యభిప్రాయము. తరువాత గోయెంకా ఉద్దేశమును మార్చుకొని 1955లో పదిదినముల శిక్షణ పొందెను. తలనొప్పియు తగ్గెను. తలనొప్పి తగ్గుట తనకు కలిగిన మేలులో చిన్నభాగమేయని ఆయన చెప్పుచుండెడివాడు.

గోయెంకా 1969లో భారతదేశమునకు వచ్చి బొంబాయిలో శిక్షణ ప్రారంభించెను. 1976లో హైదరాబాదు శివారున, వనస్థలిపురము చెంత, నాగార్జునసాగరమునకు పోవు మార్గమున ‘ధమ్మఖేత్త’ యను కేంద్రము స్థాపింపబడెను. ఖేత్తమనగా క్షేత్రము, పొలము. పాతబస్తీనుండి తూర్పుగా కొంతదూరము పోయినచో ఆ కేంద్రము వచ్చును. అదే మార్గమున ఇంకను ముందునకు సాగినచో, ఇక్ష్వాకుల కాలమున భిక్షువుల విహారములు వెలసిన నాగార్జునకొండ ప్రాంతము చేరుదుము. పదిదినముల శిబిరమున సాధకులు తెల్లవారుజామున 4 గంటలకు లేచి, మౌనము పాటించి, దినమునకు సుమారు 10 గంటలు సాధన చేయుదురు. రుసుము లేదు, పూర్వము శిక్షణ పొందినవారి దానములచేత ఖర్చులు జరుగును. మతము మార్చుకొనవలెనను నియమమును లేదు. మనస్సును నిలుపు యత్నము ఏదో యొక మతము సొత్తు కాదు. పాతబస్తీలోని దర్గాలకు పోవు సూఫీసాధకులు మురాఖబా యను ధ్యానము నెరుగుదురు. హిందువుల యోగశాస్త్రమున ధ్యానము ఒక అంగము.

ఒక్కరి తలనొప్పి తగ్గినంతమాత్రమున అందరికిని తగ్గునని నిర్ణయింపరాదు. కావున శాస్త్రజ్ఞులు ఈ విషయమును పరీక్షించిరి. అమెరికాలో 2014లో ప్రకటింపబడిన ఒక సమీక్షయందు 47 పరిశోధనలను, వానిలో పాల్గొన్న 3,515 మంది ఫలితములను కలిపి చూచిరి. ఆందోళన, దిగులు, నొప్పి అనునవి ధ్యానాభ్యాసముచే కొంత తగ్గుననుటకు ఒక మోస్తరు సాక్ష్యము లభించినది. ఏకాగ్రత పెరుగుననుటకును, నిద్ర మెరుగుపడుననుటకును చాలినంత సాక్ష్యము లభింపలేదు. వ్యాయామము, మందులు మొదలగు ఇతర చికిత్సలకంటె ధ్యానము మేలైనదనియు తేలలేదు. అనగా లాభము కలదు. కాని అది పరిమితమైనది.

మీ యీడువారిని గూర్చిన ఒక పరిశోధన ఇంకను ముఖ్యమైనది. బ్రిటనుదేశమున సుమారు 85 పాఠశాలలలో 11 మొదలు 14 ఏండ్లవరకు వయస్సుగల ఎనిమిదివేలకు పైగా విద్యార్థులపై అది జరిగెను. కొన్ని పాఠశాలలలో ఎరుకతో నుండు అభ్యాసమును తరగతిలో పాఠముగా నేర్పిరి. తక్కిన పాఠశాలలలో మామూలు బోధననే సాగించిరి. 2022లో ఫలితములు వెలువడెను. ఉభయులకును మనస్స్వాస్థ్యమున చెప్పదగిన భేదము కనబడలేదు. ఇంటివద్ద అభ్యాసము చేసినవారు మిక్కిలి తక్కువయని కూడ తెలిసినది. ఈత పాఠము విన్నంతనే ఈత రాదు కదా! పైగా ఒకరు ఇష్టపడి చేయు పనికిని, గంట కొట్టగనే అందరును చేయవలసిన పనికిని ఫలము ఒకటే కానేరదు.

నష్టమును గూర్చియు తెలిసికొనవలెను. ధ్యానము చేయువారిలో కొందరికి ఆందోళనయు, దిగులును హెచ్చుట కలదు. 2020లో ప్రకటితమైన ఒక సమీక్ష ప్రకారము నూటికి సుమారు 8 మంది ఇట్టి చిక్కులను ఎదుర్కొనిరి. కావున మనోవ్యాధితో బాధపడువారు వైద్యుని సలహా లేక దీర్ఘసాధనకు పూనరాదు. వైద్యుడిచ్చిన మందును ధ్యానమునకై విడువరాదు. పదిదినముల కఠినసాధన పెద్దలకొరకు. బాలురకు శ్వాసను గమనించుట మాత్రమే నేర్పు చిన్న శిబిరములు వేరుగా కలవు. కొలదిదినములలో జ్ఞాపకశక్తి రెట్టింపగుననియు, మార్కులు పెరుగుననియు ఆశచూపి సొమ్ము గుంజువారి మాటలను నమ్మరాదు. చదువని పాఠము కన్నులు మూసికొన్నంతమాత్రమున రాదు.

మరల అజాతశత్రువు వృత్తాంతమునకు వత్తము. బుద్ధుని సమాధానము విని రాజు చలించెను. తండ్రిని చంపిన పాపమును ఆ సభలోనే ఒప్పుకొనెను. తప్పును తప్పుగా గుర్తించి, ముందు అట్లు చేయకుండుట అభివృద్ధికి మార్గమని బుద్ధుడు చెప్పెను. కాని రాజు వెడలిన పిమ్మట భిక్షువులతో, తండ్రిని చంపకుండినచో ఈ రాజునకు ఇచ్చటనే ధర్మదృష్టి కలిగియుండెడిదని పలికెను. సత్ప్రవర్తనను మొదటిమెట్టుగా ఏల చెప్పెనో ఇందువలన మనకు తెలియుచున్నది. ధ్యానము చేసిన తప్పులను తుడిచివేయు సాధనము కాదు. ఒకరికి అన్యాయము చేసి, దానిని సరిదిద్దక, కన్నులు మూసికొని శాంతిని కోరుట అప్పు తీర్చక ఖాతాపుస్తకమును దాచిపెట్టుటవంటిది.

అట్లైన ధ్యానమువలన ఏమైన లభించునా? లభించును. కాని లభించినదో లేదో ఎట్లు తెలియును? కూర్చుండినపుడు కలిగిన హాయి దానికి కొలత కాదు. హాయి ఒకనాడుండును, ఒకనాడుండదు. లేచిన పిమ్మటి నడవడియే కొలత. మునుపు చిన్నమాటకే చెల్లెలిపై కేకలు వేయువాడు ఇప్పుడు ఒక్కక్షణము ఆగుచున్నాడా? ఓడిన ఆటను, తప్పిన లెక్కను రాత్రియెల్ల తలచుకొని కుములుట తగ్గినదా? తల్లి పిలిచినపుడు మొదటి పిలుపునకే వినుచున్నాడా? ఈ పరీక్షకు యంత్రములు అక్కరలేదు. ఇంటివారే తగిన పరీక్షకులు. నెలలు గడచినను వారికి మార్పేమియు కనబడనిచో, ఆ సాధన అతనికి ఇంకను ఫలింపలేదనియే యెంచవలెను.

విద్యార్థులారా! దినమునకు పదినిమిషములు ఊపిరిని గమనించుటకు ఖర్చేమియు లేదు. ఇష్టమున్నవారు చేసి చూడవచ్చును; ఇష్టము లేనివారు మానవచ్చును. అజాతశత్రువువలె ప్రశ్నించుటకు వెనుదీయకుడు. ఎవరు ఏమి చెప్పినను, కనబడు ఫలమేదియని వినయముతో అడుగుడు. వచ్చిన సమాధానమును మీ నడవడితోనే పరీక్షించి చూచుకొనుడు.